యూఎస్‌బీ డివైస్ పనిచేయడం లేదా? లోపం ఎక్కడుందో తేల్చే పద్ధతి

పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటర్ ఉలకదు, పలకదు. లేదంటే చప్పుడు వస్తుంది గానీ డ్రైవ్ కనబడదు. మౌస్ పది నిమిషాలు బాగానే ఆడి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట డ్రైవర్లు (డివైస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లు) వెతికి డౌన్‌లోడ్ చేయడం మొదలుపెడతారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, వెబ్‌క్యామ్ లాంటివాటికి కావాల్సిన డ్రైవర్లు విండోస్‌లోనే ఉంటాయి. ఒక్క క్లిక్కుతో డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోవద్దు. వాటివల్ల యూఎస్‌బీ బాగుపడకపోగా, సరిగ్గా ఉన్న మిగతా డ్రైవర్లు కూడా చెడిపోవచ్చు.

లోపం నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు: డివైస్‌లో, కేబుల్‌లో, పోర్టులో, సిస్టమ్‌లో. ఆ నాలుగింటిలో ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే. తేలకముందే మరమ్మతు మొదలుపెడితే బాగున్నదాన్ని కూడా పాడుచేసుకుంటాం.

డేటా ఉన్న డ్రైవ్ అయితే ముందు ఇది చదవండి

సమస్య పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో ఉండి, అందులోని ఫైళ్లకు వేరే కాపీ లేకపోతే మూడు పనులు చేయకండి. "వాడాలంటే డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే ఒప్పుకోకండి, క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినప్పుడు "ఇనీషియలైజ్ డిస్క్" అని అడిగినా అంతే. ఇక హార్డ్ డిస్క్ లోపల టక్ టక్ మని లయగా కొట్టుకుంటుంటే, మంచి పోర్టులో పెట్టినా ఆ చప్పుడు ఆగకపోతే, మాటిమాటికీ పీకి పెట్టి చూడకండి. లోపలి హెడ్ దెబ్బతిన్న డిస్క్ తిరిగిన ప్రతిసారీ మరికొంత డేటా పోవచ్చు. ఆ ఫైళ్లు తప్పనిసరిగా కావాలంటే డిస్క్‌ను అక్కడితో ఆపి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వడమే మంచిది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

కేబుల్ మార్చి, పోర్టూ మార్చి, మధ్యలో రీస్టార్ట్ కూడా చేశారనుకోండి. డివైస్ పనిచేసినా దేనివల్ల పనిచేసిందో తెలియదు. వారం తిరక్కుండా మళ్లీ అదే సమస్య వస్తే కథ మొదటికొస్తుంది.

ముందు హబ్, ఎక్స్‌టెన్షన్ కేబుల్, డాకింగ్ స్టేషన్ అన్నీ తీసేయండి. కీబోర్డు, మౌస్ తప్ప మిగతావేవీ ఉండకూడదు. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి వెనకవైపు పోర్టు వాడండి. వెనక పోర్టులు నేరుగా మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. ముందువి క్యాబినెట్ లోపల ఒక కేబుల్ గుండా వెళ్తాయి, ఆ కేబుల్ లూజైనా పనిచేయవు. ఆ తర్వాత ఈ వరసలో వెళ్లండి:

1. అదే డివైస్, అదే కేబుల్, వేరే పోర్టు. పనిచేస్తే లోపం పాత పోర్టుదే.
2. అదే డివైస్, వేరే కేబుల్. పనిచేస్తే పాత కేబుల్ పక్కన పెట్టేయండి. మళ్లీ డబ్బాలో వేస్తే ఆర్నెల్లకు అదే చేతికొస్తుంది.
3. అదే డివైస్, అదే కేబుల్, వేరే కంప్యూటర్. అక్కడా పనిచేయకపోతే డివైసే పోయింది.
4. బాగా పనిచేస్తుందని తెలిసిన మౌస్ గానీ పెన్‌డ్రైవ్ గానీ, అనుమానంగా ఉన్న పోర్టులో. అదీ పనిచేయకపోతే పోర్టో సిస్టమో.

ఒక పోర్టే పనిచేయకపోతే అది సాధారణంగా హార్డ్‌వేర్ సమస్య. అన్ని పోర్టులూ ఒకేసారి ఆగిపోతే సిస్టమ్ వైపు చూడాలి. పక్కపక్కనున్న రెండు మాత్రమే పోతే ఆ రెండింటికీ కలిపి ఉన్న కరెంటు దారో, ముందు ప్యానెల్ కేబులో కారణం కావచ్చు.

పెట్టిన అర సెకనులో ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే ప్రతి లక్షణమూ దానంతట అదే ఒక ఆధారం అవుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలు ఉంటాయి. ఎర్రది 5 వోల్టుల కరెంటు, నల్లది గ్రౌండ్. ఆకుపచ్చది, తెల్లది డేటాకు. డివైస్‌కు కరెంటు అందగానే అది రెండు డేటా తీగల్లో ఒకదాన్ని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా పైకి లాగుతుంది. "నేనొచ్చాను" అని కంప్యూటర్‌కు చెప్పడం అదే. అప్పుడు కంప్యూటర్ డివైస్‌ను రీసెట్ చేసి, "నువ్వెవరు" అని అడుగుతుంది. ఆ జవాబు పేరే డివైస్ డిస్క్రిప్టర్. జవాబు సరిగ్గా వస్తే దానికో అడ్రస్ ఇచ్చి, తగిన డ్రైవర్ వెతుకుతుంది.

ఇప్పుడు లక్షణాలు చూద్దాం. డివైస్‌లో లైటు లేదు, చప్పుడూ లేదు: కరెంటే అందడం లేదు, లేదా డివైస్ లోపల పోయింది. లైటు వెలుగుతోంది గానీ కంప్యూటర్‌లో కదలిక లేదు: ఎర్ర తీగ, నల్ల తీగ బాగున్నాయి, డేటా తీగ తెగింది లేదా ఆ కేబుల్‌లో డేటా తీగలే లేవు. "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని వచ్చింది: డివైస్ వచ్చిన సంగతి కంప్యూటర్‌కు తెలిసింది, కానీ అడిగినదానికి జవాబు రాలేదు లేదా తప్పుగా వచ్చింది. రెండో డేటా తీగ పోయినా, పిన్నుల మీద మురికి పట్టినా, వోల్టేజ్ తగ్గినా, డివైస్‌లోని చిప్ పాడైనా ఇదే మాట వస్తుంది. ఈ ఎర్రర్ చూసి డ్రైవర్ వెతికి లాభం లేదు. అది ఏ డివైసో తెలిస్తేగా దానికి డ్రైవర్!

డివైస్ పేరు సరిగ్గా కనబడి, వాడుతుండగా పోయి మళ్లీ వస్తుంటే ముందుగా కరెంటును, ఆ తర్వాత లూజు కాంటాక్ట్‌ను అనుమానించాలి.

కేబుల్

కొన్ని కేబుల్స్ కేవలం చార్జింగ్ కోసమే చేస్తారు. వాటిలో రెండే తీగలుంటాయి. పైనుంచి చూస్తే తేడా తెలియదు. చార్జింగ్ అవుతోంది కాబట్టి కేబుల్ బాగానే ఉందనుకోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. డేటా వెళ్తుందని తెలిసిన కేబుల్‌కు చిన్న టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి.

ఆండ్రాయిడ్ ఫోన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. కేబుల్ మంచిదే అయినా, ఫోన్ మామూలుగా చార్జింగ్ మోడ్‌లోనే ఉంటుంది. ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగి, యూఎస్‌బీ అని ఉన్నదాని మీద నొక్కి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి. అంతవరకు కంప్యూటర్‌లో ఫైళ్లు కనబడవు.

పొడవు కూడా చూడాలి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. 2.0 కన్నా వేగమైన 3.0 కేబుల్‌లో ఆ వేగం నిలవాలంటే 3 మీటర్ల లోపు ఉంటే మేలు. ఎక్స్‌టెన్షన్ వాడితే ఆ పొడవూ కలుపుకోవాలి. ప్రింటర్ మరో గదిలో ఉందని రెండు ఎక్స్‌టెన్షన్లు ముడేస్తే సగం పేజీ అచ్చై ఆగిపోవడానికి అదే కారణం కావచ్చు.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లకు వచ్చే రెండు భాగాల వెడల్పాటి ప్లగ్గు తొందరగా లూజవుతుంది. డిస్క్ బల్ల మీద ఉండగా ప్లగ్గు దగ్గర వేలితో మెల్లగా కదిపి చూడండి. లైటు ఆరి వెలిగిందంటే ముందు కేబుల్ మార్చండి, తర్వాతే డిస్క్ మీద అనుమానం. అయితే కాపీ నడుస్తుండగా ఈ పరీక్ష చేయకండి.

టైప్-సీ ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పనిచేయాలి. ఒకవైపు పెడితే పనిచేసి, తిప్పి పెడితే పనిచేయకపోతే ఒక వరస పిన్నులు దెబ్బతిన్నట్టు. టైప్-సీ ఆకారం చూసి వేగం అంచనా వేయకూడదు. ఫోన్‌తో వచ్చిన టైప్-సీ కేబుల్ చాలావాటిలో 2.0 వేగమే ఉంటుంది. దానితో మానిటర్‌కు బొమ్మ రాదు. మానిటర్‌కైతే కేబుల్‌తో పాటు ఆ పోర్టు కూడా డిస్‌ప్లే పంపగలిగేదై ఉండాలి.

పోర్టు లోపల టార్చి వేసి చూడండి

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, టార్చితో పోర్టు లోపలికి చూడండి. మామూలు పోర్టులో ప్లాస్టిక్ నాలుక ఒకటి ఉంటుంది. దానిమీద నాలుగు బంగారు రంగు పిన్నులు వరసగా, ఒకే ఎత్తులో ఉండాలి. 3.0 పోర్టులో ఇంకో ఐదు ఉంటాయి. ఒకటి పక్కకు వంగినా, పక్కదాన్ని తాకినా, నాలుక విరిగినా ఆ పోర్టు వాడకండి. విరిగిన నాలుక మీది పిన్నులు ఒకదానికొకటి తగిలితే 5 వోల్టుల తీగ గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది.

దుమ్ము ఉంటే పొడి మెత్తని బ్రష్షుతో బయటికి లాగండి. కంప్రెస్డ్ ఎయిర్ డబ్బాను నిలువుగా పట్టుకుని చిన్న చిన్నగా ఊదండి. వంచితే లోపలి ద్రవం బయటికి చిమ్ముతుంది. ల్యాప్‌టాప్ టైప్-సీ పోర్టులో జేబులోని నూలు పోగులు, బ్యాగు దూది అడుగున గట్టిగా ఒత్తుకుపోయి ప్లగ్గు పూర్తిగా దిగనివ్వవు. చెక్క టూత్‌పిక్ కొనను సన్నగా చెక్కి, మధ్యలోని నాలుకకు తగలకుండా అంచు వెంబడి మెల్లగా గీకండి. గుండుసూది, సేఫ్టీ పిన్ను వద్దే వద్దు. జిడ్డుగానో పచ్చగా చిలుముపట్టినట్టుగానో ఉంటే 90 శాతం పైగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది తుడిచి, పావుగంట ఆరనిచ్చాకే కరెంటు ఇవ్వండి.

డెస్క్‌టాప్‌లో ముందు పోర్టులు మాత్రమే పనిచేయకపోతే క్యాబినెట్ పక్క ప్యానెల్ తీయండి. ముందు ప్యానెల్ నుంచి వచ్చే 2.0 కేబుల్ మదర్‌బోర్డు మీద 9 పిన్నుల హెడర్‌లో, 3.0 కేబుల్ 19 పిన్నుల హెడర్‌లో దిగుతుంది. ఈ 19 పిన్నులదానితో జాగ్రత్త. కేబుల్ మందంగా ఉండి లాగుతుంది, పిన్నులేమో సన్నగా ఉంటాయి. వంకరగా నొక్కితే ఇట్టే వంగిపోతాయి. గాడి చూసుకుని నిలువుగా దించాలి.

కంప్యూటర్ ఆన్ చేయగానే "యూఎస్‌బీ డివైస్ ఓవర్ కరెంట్" అని వచ్చి కొన్ని సెకన్లలో ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. అన్ని డివైస్‌లూ పీకేయండి. అయినా వస్తే ముందు ప్యానెల్ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి చూడండి. చాలాసార్లు వంగిన ముందు పోర్టే దీనికి మూలం. అది తీసినా వస్తుంటే లోపం వెనక పోర్టుల్లోనో బోర్డులోనో ఉంది. విండోస్ నడుస్తుండగా "పవర్ సర్జ్ ఆన్ ద యూఎస్‌బీ పోర్ట్" అని వస్తే అప్పుడే పెట్టిన డివైస్‌ను వెంటనే తీసేయండి. దాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి పరీక్షించవద్దు.

కరెంటు చాలకపోవడం

ఒక 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. మౌస్‌కు అందులో కొసరు చాలు. 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ మాత్రం తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లు మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతుంది. పాత పోర్టులోనో, పొడవాటి సన్నని కేబుల్‌తోనో పెడితే ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోతుంది. డిస్క్ తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. వినడానికి డిస్క్ పోయిన చప్పుడులాగే ఉంటుంది. అందుకే డిస్క్ మీద తీర్పు చెప్పేముందు ఒక్కసారి పొట్టి కేబుల్‌తో, వెనకవైపు 3.0 పోర్టులో పెట్టి చూడాలి. ఆగకుండా తిరిగిందా, డిస్క్ బతికే ఉంది. అక్కడా కొట్టుకుంటే పైన డేటా గురించి చెప్పినది గుర్తుంచుకుని ఆపేయండి.

సొంత అడాప్టర్ లేని హబ్‌ది కూడా ఇదే బాధ. ఒక పోర్టుకు వచ్చే 500 మిల్లీ ఆంపియర్లనే నాలుగు పోర్టులకు పంచాలి, అందులో తన ఖర్చూ ఉంటుంది. నాలుగు పోర్టుల హబ్ ఒక్కో పోర్టుకు 100 మిల్లీ ఆంపియర్లకు మించి హామీ ఇవ్వలేదు. అలాంటి హబ్‌లో పెన్‌డ్రైవ్, మౌస్, కీబోర్డు వరకు సరే. హార్డ్ డిస్క్, వెబ్‌క్యామ్, ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టాలంటే అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి. ప్రింటర్‌కూ 3.5 అంగుళాల డిస్క్‌కూ సొంత కరెంటు ఉంటుంది కాబట్టి వాటికి ఈ బెడద లేదు. వాటి అడాప్టర్ బలహీనపడితే మాత్రం డిస్క్ వచ్చి పోతుంటుంది.

పోర్టు మధ్యలో పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ ఒకటి ఉంటే పని తేలిక. డివైస్ నడుస్తుండగా 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య చూపితే మంచిది. డివైస్ లేనప్పుడు 5.1 చూపి, డిస్క్ పెట్టగానే 4.5కు పడిపోతే కరెంటే అసలు లోపం. మల్టీమీటర్ ముళ్లను పోర్టులోకి దూర్చి కొలవడం చేతకానివాళ్లు చేయకూడదు, చెయ్యి జారితే షార్టే.

అన్ని పోర్టులూ మొండికేసినప్పుడు నిల్వ ఉన్న కరెంటు తీసేయడం ఒక మంచి ఉపాయం. షట్ డౌన్ చేసినా డెస్క్‌టాప్‌లో 5 వోల్టుల స్టాండ్‌బై నడుస్తూనే ఉంటుంది. అందుకే తికమకపడ్డ యూఎస్‌బీ చిప్ రీస్టార్ట్‌తో తేరుకోదు. షట్ డౌన్ చేసి, గోడ దగ్గర ప్లగ్గు పీకి, యూఎస్‌బీలన్నీ తీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒక నిమిషం ఆగి మళ్లీ కరెంటు ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లోనూ అడాప్టర్ తీసి ఇలాగే చేయాలి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీయాలి.

విండోస్ వైపు

ఇక్కడికి వచ్చేసరికి డివైస్, కేబుల్, పోర్టు బాగున్నాయని తేలి ఉండాలి.

మొదట నిజంగా రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్‌లో షట్ డౌన్ చేస్తే పాత స్థితిలో కొంత భాగం డిస్క్‌లో దాచి, మళ్లీ దాన్నే తెస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటినుంచి లోడ్ చేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది.

తర్వాత విండోస్ కీతో పాటు ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. అది తెరిచి ఉంచి డివైస్ పెట్టి తీస్తే జాబితా మొత్తం ఒకసారి మినుకుమంటుంది. ఏ వరస వచ్చి పోతోందో గమనించండి. పసుపు గుర్తు ఉన్నదాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కోడ్ నంబర్ కనబడుతుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. దీనికి మాత్రం తయారీదారు సైట్ నుంచి డ్రైవర్ తెచ్చుకోవాల్సిందే. ప్రింటర్, స్కానర్, సీరియల్ కన్వర్టర్లకు ఇది మామూలు. కోడ్ 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే చాలు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది, డివైస్ మొదలవలేదు. కోడ్ 43 అంటే డివైస్‌లో ఏదో లోపం ఉందని తెలిసి విండోస్ దాన్ని ఆపేసింది. పైన చెప్పిన డిస్క్రిప్టర్ సమస్య చాలామటుకు ఈ కోడ్‌తోనే కనబడుతుంది.

కోడ్ 10కు, 43కు చేయాల్సింది ఇది. ఆ వరస మీద రైట్ క్లిక్ చేసి "అన్‌ఇన్‌స్టాల్ డివైస్" ఎంచుకోండి. డివైస్ పీకండి. యాక్షన్ మెనూలో "స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్" నొక్కి, వేరే పోర్టులో పెట్టండి. లొంగకపోతే "యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్" విప్పి, అందులో హోస్ట్ కంట్రోలర్ అని ఉన్న వరసను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి. ఆ క్షణంలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ కూడా ఆగిపోవచ్చు. కంగారు పడకండి. తెరిచిన ఫైళ్లన్నీ ముందే సేవ్ చేసుకుని ఉంటే, పవర్ బటన్ ఒక్కసారి తేలిగ్గా నొక్కితే చాలా కంప్యూటర్లు మామూలుగా షట్ డౌన్ అవుతాయి. తిరిగి ఆన్ చేయగానే విండోస్ కంట్రోలర్‌ను తనే పెట్టుకుంటుంది.

కాసేపు వాడకుండా ఉంటే మౌస్ నిద్రపోవడం, హెడ్‌సెట్ మధ్యలో తెగిపోవడం లాంటివి కరెంటు పొదుపు వల్ల వస్తాయి. డివైస్ మేనేజర్‌లో "యూఎస్‌బీ రూట్ హబ్" తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపవచ్చు అన్న టిక్కు తీసేయండి. ఎన్ని రూట్ హబ్‌లు ఉంటే అన్నింటికీ. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" కూడా డిసేబుల్ చేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ వరస కనబడదు. బ్యాటరీ కొంచెం ముందుగా అయిపోతుంది, దానికి సిద్ధపడాలి.

సిస్టమ్‌దా, హార్డ్‌వేర్‌దా అన్న అనుమానం ఇంకా తీరకపోతే విండోస్‌ను పక్కనపెట్టి చూడటమే దారి. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల తెర) వెళ్లండి. కీబోర్డు అక్కడ పనిచేసి విండోస్‌లో పనిచేయకపోతే లోపం విండోస్‌దే. బయాస్‌లో ఉన్నప్పుడే యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌లో పోర్టులు డిసేబుల్ అయి లేవని చూసుకోండి. ఇంకా నిక్కచ్చిగా తేలాలంటే ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, ఆ డివైస్ పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే మదర్‌బోర్డు తయారీదారు సైట్ నుంచి చిప్‌సెట్ డ్రైవర్ తెచ్చి వేయడం సార్థకం. అక్కడా పనిచేయకపోతే విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వృథా.

డ్రైవ్ వచ్చింది, తెరుచుకోవడం లేదు

చప్పుడు వస్తుంది, దిస్ పీసీలో మాత్రం డ్రైవ్ ఉండదు. విండోస్ కీ, ఎక్స్ నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది భాగంలో డ్రైవ్ ఉండి అక్షరం లేకపోతే, రైట్ క్లిక్ చేసి "ఛేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్"లో ఖాళీగా ఉన్న అక్షరం ఇవ్వండి. ఒక్కోసారి ఇంతకుమించి ఏమీ ఉండదు.

"రా" (RAW) అని చూపితే ఫైల్ సిస్టమ్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి, విండోస్‌కు అర్థం కాలేదని. పాడైపోయి ఉండవచ్చు, లేదా మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఫార్మాట్ చేసిన డ్రైవ్ కావచ్చు. రెండోది అయితే డేటా క్షేమంగానే ఉంటుంది, ఆ కంప్యూటర్‌లో పెడితే వస్తుంది. తొందరపడి ఫార్మాట్ చేసి మంచి డ్రైవ్‌ను ఖాళీ చేసుకున్నవాళ్లు తక్కువేం లేరు. "నో మీడియా" అని, సైజు సున్నా అని చూపితే పెన్‌డ్రైవ్‌లో కంట్రోలర్ బతికి ఉంది, మెమరీ చిప్ పలకడం లేదు. ఏ ఫార్మాటింగ్ సాఫ్ట్‌వేర్ దీన్ని బాగుచేయలేదు.

"రైట్ ప్రొటెక్టెడ్" (కొత్తగా ఏమీ రాయడం కుదరదు) అని వస్తే డ్రైవ్ మీదో మెమరీ కార్డు అడాప్టర్ మీదో చిన్న లాక్ మీట ఉందేమో చూడండి. మీట లేకపోతే, మెమరీ అరిగిపోయి డ్రైవ్ తనంతట తాను చదవడానికే పరిమితమై ఉండవచ్చు. ఫైళ్లు కాపీ చేసుకుని దాన్ని వదిలేయండి. 4 జీబీ దాటిన ఫైలు మాత్రమే ఎక్కకపోతే అది లోపం కాదు, ఫ్యాట్32 అనే ఫార్మాట్ హద్దు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే పోతుంది, ముందు ఉన్న ఫైళ్లు తీసుకున్నాకే.

పెద్ద కెపాసిటీ అని అమ్మిన డ్రైవ్‌లో మొదట పెట్టిన ఫైళ్లు తెరుచుకుని, తర్వాతవి పాడైతే అది నకిలీ కావచ్చు. కెపాసిటీ ఎక్కువ చూపేలా కంట్రోలర్‌ను మోసపుచ్చి అమ్ముతారు. డ్రైవ్ ఖాళీ చేసి, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత సాధనాలతో పూర్తిగా రాయించి చదివిస్తే అసలు కెపాసిటీ బయటపడుతుంది.

3.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ డిస్క్ బొత్తిగా కనబడకపోతే లోపలి డిస్క్ కాకుండా, దాన్ని యూఎస్‌బీకి కలిపే చిన్న బోర్డు పోయి ఉండవచ్చు. డిస్క్ బయటికి తీసి మదర్‌బోర్డు మీద డిస్క్‌లు తగిలించే సాటా పోర్టుకు కలిపితే తెలుస్తుంది. అయితే కొన్ని కంపెనీల బోర్డులు డేటాను గుప్తపరుస్తాయి, అప్పుడు అదే బోర్డు లేకుండా ఫైళ్లు రావు. చిన్న పోర్టబుల్ డిస్క్‌లలో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, వాటిని విప్పి ప్రయోజనం ఉండదు.

నెమ్మదిగా కాపీ అవుతుంటే

2.0 పోర్టు సెకనుకు 480 మెగాబిట్లు అంటారు గానీ చేతికొచ్చేది 30 నుంచి 40 మెగాబైట్లే. 50 జీబీ కాపీకి పాతిక నిమిషాల దాకా పడుతుంది. అదే డిస్క్ 3.0 పోర్టులో 110 మెగాబైట్లు ఇస్తే ఎనిమిది నిమిషాల్లోపే అయిపోతుంది. మీ కాపీ సరిగ్గా 35 దగ్గర అతుక్కుపోయి ఉంటే డిస్క్ 2.0లో నడుస్తోందని అనుమానించండి. 3.0 ప్లగ్గును నెమ్మదిగా, సగం సగం దూర్చినప్పుడు పాత నాలుగు పిన్నుల మీదే మాట కుదిరిపోయి, మిగతా ఐదు వృథాగా ఉండిపోవచ్చు. పీకి, ఒకే తోపులో టక్కున దించండి. నీలం రంగు 3.0కు ఆనవాయితీయే తప్ప కచ్చితమైన నియమం కాదు, కాబట్టి మదర్‌బోర్డు మాన్యువల్ చూసుకోండి. మొదట వేగంగా వెళ్లి తర్వాత చతికిలబడితే అది పెన్‌డ్రైవ్ స్వభావం, పోర్టు లోపం కాదు.

వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే బ్యాటరీ మార్చేముందు దాని రిసీవర్ ఎక్కడుందో చూడండి. 3.0 పోర్టు, కేబుల్ పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద పుడుతుంది. మౌస్ రిసీవర్ వాడేదీ ఆ పరిధే. హార్డ్ డిస్క్ పక్కనే రిసీవర్ ఉంటే కాపీ జరిగినంతసేపూ బాణం గెంతుతుంది. రిసీవర్‌ను అవతలి వైపు 2.0 పోర్టుకు మార్చండి, లేదా అర మీటరు ఎక్స్‌టెన్షన్‌తో దూరం జరపండి.

మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని యాపిల్ మెనూ తెరిస్తే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ వస్తుంది. అందులో యూఎస్‌బీ నొక్కితే ఏ డివైస్ ఏ వేగంతో ఉందో కనబడుతుంది. యాపిల్ సొంత చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో మ్యాక్‌ఓఎస్ వెంచురా నుంచి కొత్త డివైస్ పెడితే అనుమతి అడుగుతుంది. పొరపాటున వద్దని నొక్కితే చార్జింగ్ తప్ప ఏమీ జరగదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో దాన్ని మార్చవచ్చు. లినక్స్‌లో కెర్నల్ లాగ్ (సిస్టమ్ తనలో జరిగేది రాసుకునే చిట్టా) తెరిచి డివైస్ పెట్టండి. ఎర్రర్ -71 వస్తే సిగ్నల్ చెడింది, -110 వస్తే డివైస్ సమయానికి పలకలేదు. రెండింటికీ కేబుల్, కరెంటు ముందు చూడాలి.

పోర్టు పోయిందని తేలితే

డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద అదనపు కార్డులు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉంటే యూఎస్‌బీ కార్డు వేసుకోవడం అన్నిటికన్నా తేలిక. కొన్ని కార్డులకు పవర్ సప్లై నుంచి విడిగా సాటా కరెంటు ఇవ్వాలి. అది మర్చిపోతే మౌస్ పనిచేసి హార్డ్ డిస్క్ పనిచేయదు. ల్యాప్‌టాప్‌లలో ఒకవైపు పోర్టులు తరచుగా చిన్న విడి బోర్డు మీద ఉండి, పట్టీలాంటి కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలుస్తాయి. అప్పుడు ఆ బోర్డు ఒక్కటీ మార్చితే సరిపోతుంది. మోడల్ నంబర్‌తో పాటు పాత బోర్డు మీద అచ్చైన పార్ట్ నంబర్ కూడా సరిచూసుకుని తెప్పించుకోండి. పోర్టు మదర్‌బోర్డుకే అతికి ఉంటే హాట్ ఎయిర్ స్టేషన్ ఉన్న చేయి తిరిగినవాళ్లకు ఇవ్వాలి. ఈలోగా బాగున్న ఒక్క పోర్టుకు అడాప్టర్ ఉన్న హబ్ తగిలించి, పిన్నులు వంగిన పోర్టులో ఎవరూ ఏమీ పెట్టకుండా దానిమీద టేపు అంటించండి.